ఎవరి తాలూకండి మీరు? బల్ల మీది ఆటల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాలలో ఎక్కువ భాగం బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల గురించే వచ్చాయి. వీటితో పరిచయం లేని పాఠకుల కోసం రెండు మాటలు చెబుతాను. గేమ్ మాస్టర్ అనే ఒకరు ఒక లోకాన్నీ అందులోని మనుషులనూ వర్ణిస్తూ ఉంటారు. మిగిలినవారు తలా ఒక పాత్రను చేపట్టి, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో నోటితో చెబుతారు. ఫలితం ఎటు మొగ్గుతుందో తెలియని చోట పాచికలు వేస్తారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడింది. తరువాత ఈ ఆటలు ఎన్నో రకాలుగా విస్తరించాయి. వచ్చిన ఉత్తరాలలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము ఐదుగురం స్నేహితులం ప్రతి ఆదివారం రాత్రి ఆడుతున్నాం. గేమ్ మాస్టర్‌ను నేనే. మన డెల్టాను పోలిన ఒక కల్పిత దేశాన్ని తయారుచేసి, దాని రాజవంశాల చరిత్ర, పటాలు, దేవతల కథలు, నాణేల లెక్కలు అన్నీ కలిపి నలభై పేజీలు రాశాను. ఆట మొదట్లో పది నిమిషాలు చదివి వినిపించేసరికి ఒకరు ఫోను చూసుకుంటున్నారు, ఒకరు జంతికల డబ్బా ఖాళీ చేస్తున్నారు, చివరికి ‘ఇంతకీ ఎవర్ని కొట్టాలో చెప్పు’ అంటున్నారు. ఆ లోకంలో తాము నిజంగా ఉన్నట్టు వాళ్లకు అనిపించాలంటే ఏం చేయాలి?
ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీ మిత్రుల తప్పేమీ లేదు. పది నిమిషాలు వింటూ కూర్చున్నంతసేపూ వాళ్లు శ్రోతలుగానే ఉండిపోతారు, ఆట ఇంకా మొదలు కానట్టే లెక్క. ‘ఎవర్ని కొట్టాలో చెప్పు’ అంటే మాకూ ఒక పని ఇవ్వవయ్యా అని అడగడమే. ఒక లోకం గురించి ఎంత విన్నా అది నిజమనిపించదు. మనం అందులో ఒక పని చేసినప్పుడు అది తిరిగి మనకేదో చేసిందంటే, అప్పుడు నిజమనిపిస్తుంది. కాబట్టి ఆ నలభై పేజీలను చింపేయమని అనను గాని, వాటిని మీ సంచీలోనే ఉంచుకోండి. రాజు పేరు, అతని తాత పేరు ఆటగాడికి అక్కర్లేదు. ఆ రాజు రేవు సుంకం రెట్టింపు చేశాడన్న సంగతి మాత్రం, చేతిలో నాలుగు నాణేలతో పడవ ఎక్కబోతున్న సమయంలో అతనికి తెలియాలి.

మీరు డెల్టాను నమూనాగా ఎంచుకోవడం చాలా మంచి పని అయింది, ఎందుకంటే ఇక్కడ దేని గురించి ఆలోచించినా దాని వెనక నీరు ఉంటుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టకు ముందు, ఇదే నది ఒక ఏడు ఊళ్లను ముంచి, మరో ఏడు పొలాలను ఎండబెట్టేది. మీ కల్పిత దేశాన్ని ఆనకట్టకు ముందటి డెల్టాగా ఊహించుకుని ఒకే ఒక నియమం పెట్టుకోండి: ఏ రోజు ఆటకైనా ముందుగా నీటిమట్టం ఎంతో నిర్ణయించాలి, మిగతా సంగతులన్నీ దాని నుంచే పుట్టాలి. వేసవిలో లంకకు ఇసుక తిన్నెల మీదుగా నడిచి పోవచ్చు, గుర్రమూ పోతుంది, పారిపోయినవాడి అడుగుజాడలు కూడా కనిపిస్తాయి. శ్రావణం వచ్చేసరికి ఆ దారే ఉండదు. పడవవాడు అడిగినంత ఇచ్చుకోవాలి, ఎంత ఇచ్చినా చీకటి పడ్డాక అతను కదలనంటాడు. సముద్రానికి దగ్గరలోని ఉప్పుటేటిలోనైతే పోటు ఎక్కినప్పుడే బరువు పడవ లోపలికి రాగలదు, పాటు తీసేవేళకు బురదలో కూరుకుపోతుంది. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ ముందు రోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ ఒక్క సంగతి ఆటగాళ్లకు తెలిస్తే చాలు, దొంగల పడవను ఏ రోజు ఏ వేళ అడ్డగించాలో వాళ్లే కాగితం తీసి లెక్క కట్టుకుంటారు, ఆ కట్టుకునేటప్పుడు ఎవరూ ఫోను చూడరు. ఎండాకాలంలో ఏటి నీరు ఉప్పెక్కినప్పుడు మంచినీటి చెరువు ఎవరి అధీనంలో ఉంటే ఊరు వాళ్ల అధీనంలో ఉన్నట్టే. చూడండి, ఇంతవరకూ ఒక్క రాజు పేరూ రాలేదు. అయినా ఇందులో రెండు మూడు నెలలు ఆడుకోవడానికి సరిపడా తగాదాలున్నాయి.

ఇక వర్ణన విషయం. గేమ్ మాస్టర్లలో చాలామంది సూర్యాస్తమయంతో మొదలుపెట్టి, కొబ్బరి చెట్ల నీడలు, పక్షుల కిలకిలలు దాటి మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆటగాళ్ల ఓపిక అయిపోతుంది. ఇలా చెప్పి చూడండి: ‘రేవులో దిగబోతే మీకు నాలుగో మెట్టు కనిపించడం లేదు; నిన్న మీరు కూర్చుని చద్దన్నం తిన్న మెట్టు అదే. ఎర్రటి నీటిలో ఎవరి పాకదో తాటాకు కప్పు తేలుతూ పోతోంది. సరంగు మీ వైపు చూడకుండా పడవ తాడు విప్పుతున్నాడు. ఏం చేస్తారు?’ ఈ నాలుగు వాక్యాలలో వాళ్లకు ముందే తెలిసిన ఒక వస్తువు మారిపోయింది, ఆరా తీయదగిన ఒక సంగతి కళ్లముందు నుంచి జారిపోతోంది, ఒక మనిషి వీళ్ల కోసం ఆగకుండా తన పని తాను చేసుకుపోతున్నాడు, ఆ వెంటనే ప్రశ్న వచ్చింది. వాసనలూ చప్పుళ్లూ తప్పకుండా చెప్పండి, అయితే వాటికీ ఒక పని ఉండాలి. తోపు అవతల నుంచి కొబ్బరి పీచు నానబెట్టిన కుళ్లు వాసన వస్తోందంటే, ఎవరూ ఉండరనుకున్న చోట ఎవరో కాపురం ఉంటున్నారని ఆటగాళ్లకు తెలియాలి. ఏ పనీ చేయని వాసన కాగితం మీద ఎంత బాగున్నా బల్ల దగ్గర వృథా అవుతుంది.

ఇప్పుడు మన ప్రాంతం మీకు ఉచితంగా ఇచ్చే ఒక ఉపాయం చెబుతాను. కొత్త మనిషి కనబడగానే మనవాళ్లు అడిగే మాటలు మీకు తెలియనివి కావు: ‘మీదే ఊరండి? ఎవరి తాలూకండి మీరు?’ మీ లోకంలోని ప్రతి సుంకరి చేతా, పూటకూళ్లమ్మ చేతా, గట్టు మీద కాపలావాడి చేతా ఈ ప్రశ్న అడిగించండి. జవాబును ఆటగాడే అప్పటికప్పుడు చెప్పాలి, అతను చెప్పింది ఆ క్షణం నుంచి ఆ లోకంలో నిజమైపోవాలి. మీ ఆటగాడు ఆలోచించుకుని, ‘మా మేనమామ కింది రేవులో ఓడలు కట్టే వడ్రంగి’ అన్నాడనుకుందాం. నరసాపురం 17వ శతాబ్దంలో ఓడల నిర్మాణానికి పేరుపడిన రేవు కాబట్టి, డెల్టా లోకంలో ఆ మాట ఎక్కడినుంచో ఊడిపడినట్టు ఉండదు. మీరు వెంటనే సుంకరి ముఖం మార్చండి. అతను గొంతు తగ్గించి, ‘ఆయన నా గురించి ఏమైనా అన్నాడా అండి?’ అని అడుగుతాడు. ఆ వడ్రంగికి ఇతను పెద్ద మొత్తం బాకీ అన్నమాట. ఒక్క నిమిషం క్రితం లేని మేనమామ ఇప్పుడు ఒక రేవులో ఉన్నాడు, అతనికి రావలసిన బాకీ ఉంది, ఆ బాకీని అడ్డుపెట్టుకుని సుంకం ఎగ్గొట్టవచ్చునన్న ఆలోచన ఆటగాళ్లకు అప్పుడే వచ్చి ఉంటుంది. ఆటగాళ్లను ప్రశ్నలడిగి, వాళ్ల జవాబుల మీదే కథను కట్టడాన్ని 2010లో వచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’ అనే ఆట గేమ్ మాస్టర్‌కు ఒక సూత్రంగానే పెట్టింది. మనకైతే అది సూత్రంగా నేర్చుకోవలసిన అవసరం కూడా లేదు, వీధి అరుగు మీద రోజూ జరిగేదే. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ఆటగాడి పాత్రకు సహజంగా తెలిసి ఉండవలసిన సంగతులనే అడగండి, రహస్యాల జవాబులు అడగకండి. హంతకుడెవరో ఆటగాణ్ణే చెప్పమంటే, కనిపెట్టడంలో ఉన్న ఆనందం అతనికి దక్కకుండా పోతుంది.

వాళ్లు చూడని వేళ కూడా లోకం కదులుతూ ఉండాలి. దీనికి జాన్ హార్పర్ రూపొందించిన ‘బ్లేడ్స్ ఇన్ ది డార్క్’ ఆటలో ఒక తేలికైన సాధనం ఉంది: ఒక వలయం గీసి దాన్ని 4, 6 లేదా 8 భాగాలుగా విభజిస్తారు, ముంచుకొచ్చే ప్రమాదం ఒక అడుగు ముందుకు వేసినప్పుడల్లా ఒక భాగాన్ని నింపుతారు, వలయం నిండిన రోజున ఆ ప్రమాదం జరిగిపోతుంది. గోదావరి గట్టున పెరిగినవారికి ఇది కొత్తగా అనిపించదు. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది జారీ చేస్తారు. ప్రవాహం లెక్కన అవి సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. మొదటిది వినగానే లంకలలో పశువులను మెరకకు తోలడం మొదలవుతుంది. మూడవదాకా వచ్చిందంటే ఏటిగట్టు మీద ఇసుక బస్తాలతో రాత్రంతా కాపలా ఉంటుంది. 1986 ఆగస్టులో వచ్చిన వరద గురించి మీ ఇంట్లోని పెద్దవారిని అడిగితే, నీరు పెరిగేకొద్దీ ఊరు ఎలా మారుతూ వచ్చిందో గంట గంటకూ చెబుతారు. ఏ పుస్తకం కంటే అది మీ ఆటకు ఎక్కువ పనికొస్తుంది.

మీ లోకంలో అడుగులు, క్యూసెక్కులు ఉండవు గనుక వాటి బదులు రేవు మెట్లు పెట్టుకోండి. ఒక కాగితం మీద ఎనిమిది మెట్లు గీసి బల్ల మధ్యలో ఉంచండి. ఆటలో ఒక రోజు గడిచినప్పుడల్లా ఒక మెట్టును ఎర్ర పెన్సిలుతో కప్పేయండి. మూడో మెట్టు మునిగితే పడవ కిరాయి పెరుగుతుందని, ఐదోది మునిగితే సంతకు సరుకు రాదని, ఏడోది మునిగితే అవతలి గట్టువాళ్లు మన గట్టుకు గండి కొట్టడానికి రాత్రిపూట మనుషుల్ని పంపుతారని ముందే రాసుకోండి. ఆటగాళ్లు ఏ గుళ్లోనో నిధి కోసం తవ్వుతూ కూర్చున్నా మెట్లు మునుగుతూనే ఉండాలి, కాగితం మీద అది వాళ్లకు కనబడుతూనే ఉండాలి. అలా ఏడో మెట్టుకు వచ్చాక వాళ్లే ఆలోచిస్తారు: ముందుగా మనమే అవతలి గట్టును తెంపితే మన ఊరు నిలుస్తుంది కదా అని. అక్కడ పూటకూళ్లమ్మ కూతురు కాపురం ఉంటోందని మూడు వారాల క్రితం ఆమె అన్నం వడ్డిస్తూ చెప్పి ఉంటే, ఇక మీరు ఏమీ మాట్లాడనక్కర్లేదు, బల్ల చుట్టూ ఉన్నవాళ్లే అర్ధరాత్రి దాకా వాదించుకుంటారు.

దారిలో ఎదురయ్యే సంగతులను కూడా అన్నీ మీరే ముందుగా నిర్ణయించకండి. రెండు ఆరుముఖాల పాచికలు వేస్తే 36 విధాల్లో 6 విధాల 7 వస్తుంది, 2 గాని 12 గాని ఒక్కొక్క విధంగానే వస్తాయి. కాబట్టి 7 దగ్గర రోజూ కనబడే కొబ్బరికాయల పడవను, 6, 8 దగ్గర వలలు ఆరేసుకుంటున్న జాలర్లను, మడ అడవిలో చేపల కోసం కాచుకున్న నీటిపిల్లిని పెట్టి, 2 దగ్గర మనుషులెవరూ లేకుండా కొట్టుకొస్తున్న పెళ్లి పడవను పెట్టండి. ఎదురైనవాళ్లు మంచిగా ఉంటారా, కయ్యానికి వస్తారా అన్నది కూడా రెండు పాచికలతోనే తేల్చే పద్ధతి 1974 నాటి ఆటలోనే ఉంది. కొబ్బరి పడవవాడు కారణం లేకుండా కోపంగా ఉన్నాడని పాచిక చెబితే, ఆ కారణమేమిటో మీరూ వాళ్లతోపాటే కనిపెట్టవలసి వస్తుంది. నా మటుకు నాకు గేమ్ మాస్టర్ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

చివరగా ఒక చిన్న నోటుపుస్తకం కొనుక్కోండి. అందులో ఆటగాళ్లు ఎవరికి ఏం మాట ఇచ్చారో, ఎవరికి ఎంత ఎగ్గొట్టారో మాత్రమే రాసుకోండి. రెండు నెలల తరువాత అదే రేవుకు తిరిగొచ్చినప్పుడు, ‘పోయినసారి కిరాయిలో అర్ధణా తగ్గిందండి’ అని సరంగు నవ్వుతూ అడగాలి.

ప్రశ్న: మా పిన్ని కొడుకులకు, వాళ్ల స్నేహితులకు నేను గేమ్ మాస్టర్‌గా ఉంటున్నాను. నాకు గొంతు మార్చి మాట్లాడటం రాదు. నా పాత్రలన్నీ ఒకేలా మాట్లాడుతున్నాయని మావాళ్లు ఏడిపిస్తున్నారు. గంభీరంగా మాట్లాడబోతే పౌరాణిక నాటకంలా వచ్చి అందరూ నవ్వేస్తున్నారు.
ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: గొంతు మార్చవలసిన అవసరం లేదమ్మా. ఆ మనిషి ఆ క్షణంలో ఏ పనిలో ఉన్నాడో, ఎదుటివాళ్లను ఏమని పిలుస్తాడో తెలిస్తే మీ మామూలు గొంతుతోనే ముగ్గురు ముగ్గురుగా వినిపిస్తారు. ఏరు దాటడం గురించి సరంగు ఇలా అంటాడు: ‘ఆయ్, నేనైతే తాడు విప్పనండి. పెద్దోరు, మీ ఇష్టం. మధ్య పాయలో సుడి పడిందండి.’ కరణం తల ఎత్తకుండా అంటాడు: ‘కూర్చోండి. ఎంతమంది? పేర్లు చెప్పండి, రాసుకుంటాను.’ పూటకూళ్లమ్మ అంటుంది: ‘ఏరా అబ్బాయ్, ముఖాలు అలా పీక్కుపోయాయేంటి? ముందు నాలుగు ముద్దలు తినండి, ఏటి సంగతి తరవాత.’ వీటిలో ఏ ఒక్కదానికీ నటన అక్కర్లేదు, నాటక భాష అంతకంటే అక్కర్లేదు. పాత్ర పెద్దదయ్యేకొద్దీ మాటలు తగ్గించండి. భయపెట్టవలసిన జమీందారు ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా మాట్లాడితే అంత భయం వేస్తుంది.

తెలుగులో ఆడేవాళ్లకు మరో సౌకర్యం ఉంది. మూడు వారాలుగా ‘అండి’ లేకుండా మాట పూర్తి చేయని మనిషి, ఒక రోజు ఉన్నట్టుండి ‘నువ్వు’ అన్నాడంటే, అతను చేరువయ్యాడో తిరగబడ్డాడో తేల్చుకోవడానికి ఆటగాళ్లందరూ ఒక్కసారి నిటారుగా కూర్చుంటారు. అందువల్ల ప్రతి పాత్ర పేరు పక్కనా, అది ఆటగాళ్లలో ఎవరిని ఏమని పిలుస్తుందో రాసిపెట్టుకోండి. తోబుట్టువుల వరస కలిసిన పిల్లలతో ఆడుతున్నారు కాబట్టి ఇంకో మాట: వాళ్లు మిమ్మల్ని అక్కా అని పిలుస్తూ పాత్రతో మాట్లాడేస్తుంటే దిద్దకండి, ఆ పాత్రగానే జవాబివ్వండి. నాలుగైదు సార్లకు వాళ్లే పాత్రను పాత్రగా పిలుస్తారు.

ప్రశ్న: ఆట పుస్తకంలో ఉన్నవన్నీ మంచు కొండలు, కోటలు, సారాయి కొట్లు. మన ప్రాంతాన్ని పెట్టి ఆడవచ్చా? చరిత్రలో తప్పులు దొర్లితే ఎలా?
ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: నిస్సందేహంగా ఆడవచ్చు. ఆట నియమాలు వేరు, ఆట జరిగే లోకం వేరు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఐదవ ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు కనుక, ఆ పత్రం ఆధారంగా మీ సొంత లోకాన్ని రాసి, మూలాన్ని పేర్కొంటూ ప్రచురించుకోవడానికి కూడా వీలుంది.

కొత్తవాళ్లు కలుసుకునే సారాయి కొట్టు పనిని మన సత్రం, పూటకూళ్ల ఇల్లు అంతకంటే బాగా చేస్తాయి. ఒకే పంక్తిలో కూర్చున్న అపరిచితుల మధ్య మాట కలవకుండా ఉండదు. నేలమాళిగ కావాలంటే మీ చుట్టుపక్కలే వెతకండి. డచ్చివారు పాలకొల్లులోనూ, కాకినాడ పక్కన జగన్నాథపురంలోనూ బట్టల వర్తకం చేసుకున్నారు; అలాంటి పాత గిడ్డంగి ఒకటి సగం ఇసుకలో పూడిపోయి ఉందని ఊహించుకుంటే దానిలోపల ఏముందో చూడకుండా ఏ ఆటగాడూ వెళ్లడు. యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. ఒకే ఏటి మీద రెండు ప్రభుత్వాల రేవులు, రెండు సుంకాలు, రెండు రకాల కాపలావాళ్లు ఉన్న చోట దొంగ సరుకు కథ దానంతట అదే నడుస్తుంది. కాలాన్ని సూచించడానికి తేదీలు చెప్పకండి. పులసలు దొరుకుతున్నాయంటే వరద గోదావరి అనీ, ప్రభలు కడుతున్నారంటే సంక్రాంతి అనీ మీ ఆటగాళ్లకు తెలుసు.

చరిత్రలో తప్పుల గురించి పెద్దగా దిగులు పడకండి, ఊళ్ల పేర్లు కొంచెం మార్చి లంక, తిప్ప, పాలెం వంటి ముగింపులు మాత్రం నిలబెడితే అది కల్పితమనీ మనదేననీ రెండూ తెలుస్తాయి. నేను గట్టిగా చెప్పేది మరొకటుంది. పుస్తకాలలోని రాక్షస జాతుల స్థానంలో మన సమాజంలోని ఏ కులాన్నీ, ఏ మతాన్నీ, ఏ వృత్తివాళ్లనూ తెచ్చి పెట్టకండి, హాస్యానికైనా సరే. బల్ల దగ్గర ఎవరో ఒకరి ముఖం చిన్నబోతుంది, ఆ తరువాత ఎంత మంచి వర్ణన చేసినా ఆ మనిషి మీ లోకంలోకి మళ్లీ రాడు.

ప్రశ్న: కొవ్వొత్తులు, నేపథ్య సంగీతం, రంగుల పటాలు, చిన్న చిన్న బొమ్మలు, వీటి మీద ఎంత ఖర్చు పెట్టవచ్చు? అలాగే మావాళ్లు ఎంతసేపూ ‘16 వచ్చింది, 19 వచ్చింది’ అని అంకెలే చెబుతుంటారు, దానితో మూడ్ చెడిపోతోంది.
ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఖర్చు అక్కర్లేదు. చేతికి అందే వస్తువు ఒక్కటి ఉంటే చాలు: నీళ్లలో తడిపి ఆరబెట్టి, సగం అక్షరాలు చెరిగిపోయిన ఒక ఉత్తరాన్ని బల్ల మీద పెట్టండి, దాన్ని చుట్టుముట్టి చదువుతారు. సంగీతంలో మాటలు ఉండకూడదు, గొంతు పెంచవలసినంత శబ్దం అసలే ఉండకూడదు. కొవ్వొత్తుల సంగతంటారా, వానాకాలంలో మన దగ్గర కరెంటువాళ్లే ఆ ఏర్పాటు చేస్తారు.

అంకెల తప్పేమీ లేదు గాని, అంకె దగ్గర ఆగిపోవడమే ఇబ్బంది. ఆటగాడు 16 అనగానే మీరు ‘సరే, గెలిచావు’ అనకుండా, ‘గెడ బురదలో దిగబడింది, అయినా పడవ తిరిగింది’ అనండి. ఓడిపోయినా కథలో ఏమీ మారని చోట అసలు పాచిక వేయించకండి. దేన్నైనా గమనించారా లేదా అని అడుగడుగునా వేయించడం మరీ చెడ్డ అలవాటు. వేయమనగానే అక్కడేదో దాగి ఉందని అందరికీ తెలిసిపోతుంది. ఐదవ ఎడిషన్‌లో దీనికోసమే పాసివ్ పర్‌సెప్షన్ ఉంది: 10కి పాత్ర గమనించే శక్తి తాలూకు అంకెను కలిపితే వచ్చే మొత్తం అది. దాన్ని మీ దగ్గర రాసిపెట్టుకుని, సరిపోతే ఏ పాచికా లేకుండా ఆ సంగతిని వర్ణనలో చెప్పేయండి.

ప్రశ్న: మా ఆటలో వచ్చే నెల పెద్ద తుఫాను ఘట్టం పెట్టాలనుకుంటున్నాను. ఎంత నిజంగా ఉంటే అంత బాగుంటుందని నా ఉద్దేశం. మా బృందంలో ఒకరి కుటుంబం 1996 తుఫానులో నష్టపోయింది. అతను ఆ సంగతి పెద్దగా మాట్లాడడు. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: అతనికి ముందే చెప్పండి, అదీ అందరి ఎదుటా కాకుండా విడిగా చెప్పండి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవారికీ, వాళ్ల కడుపున పుట్టినవారికీ తుఫాను అన్నది కథలోని ఘట్టంగా మాత్రమే వినిపించకపోవచ్చు. కొందరు దాన్ని ఆటలో ఎదుర్కొని గెలవాలని కోరుకుంటారు, కొందరు ఆ గాలి చప్పుడు కూడా వినదలచుకోరు. అతను ఈ ఇద్దరిలో ఎవరో మీరు ఊహించి నిర్ణయించకూడదు. ‘వచ్చే నెల తుఫాను పెడదామనుకుంటున్నానురా, నీకు ఫరవాలేదా, వేరే ఏదైనా పెట్టమంటావా’ అని అడిగితే చాలు. కారణం చెప్పమని అడగవద్దు.

అతను సరేనన్నా సరే, ఆ రోజు బల్ల మీద ఎక్స్-కార్డ్ ఉంచండి. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఈ పద్ధతిలో ఒక కాగితం ముక్క మీద ఇంటూ గుర్తు వేసి మధ్యలో పెడతారు, ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ క్షణంలో జరుగుతున్నదాన్ని వదిలేసి ఆట ముందుకు సాగుతుంది. ముట్టుకున్నవారిని ఎందుకని అడగరు. ఇలాంటివి ఉంటే లోకంలో లీనం కావడం కుదరదని కొందరు వాదిస్తారు, నేను దానికి ఒప్పుకోను. బయటికి దారి ఉందని తెలిసినవాళ్లే లోపలికి ధైర్యంగా వెళ్తారు. కార్డు ముట్టుకుంటే మీరు చేయవలసింది కూడా ముందే సిద్ధం చేసుకోండి: వాక్యం మధ్యలోనైనా ఆగి, ‘తెల్లవారింది, గాలి తగ్గింది, మీరు గుడి అరుగు మీద ఉన్నారు’ అని చెప్పి, అక్కడి నుంచి సహాయం పంచే పని వాళ్ల చేతికివ్వండి. కొట్టుకుపోయిన మనుషుల వర్ణన, పసిపిల్లల చావు వంటివి ఎవరూ అడ్డు చెప్పకపోయినా పెట్టకండి. గాలి మళ్లినప్పుడు ఒక్కసారిగా ఆవరించే నిశ్శబ్దం, ఉన్న ఒక్క తాడును దేనికి కట్టాలన్న ప్రశ్న, ఇవి చాలు.

తుఫానే వద్దని అతను అంటే మీ ఏర్పాట్లేవీ వృథా కావు. మొదటి జవాబులో చెప్పిన ఎనిమిది మెట్ల కాగితాన్ని అలాగే ఉంచి, మునిగే నీటి బదులు అప్పు గడువును పెట్టుకోండి. మెట్టు మెట్టుకూ షావుకారు మనిషి ఇంకొంచెం దగ్గరికి వస్తాడు. ఎనిమిదో మెట్టు నాటికి అతను పడవ దిగి, ఆటగాళ్ల ఇల్లు ఏదని రేవులో విచారిస్తుంటాడు.